పద్నాలుగో సిస్టమ్

ప్రిన్సిపాల్ సూర్యకాంతమ్మ రాసిచ్చిన చీటీలో ఐదు ఇంగ్లిష్ మాటలున్నాయి. ఆడపిల్లల కాలేజీలో పైకి చదవడానికి ఇబ్బందిపడే మాటలు. కంప్యూటర్ ల్యాబ్ చూసుకునే కనకరత్నం చీటీని కీబోర్డు పక్కన పెట్టుకుని ఒక్కో మాటా కొట్టి సర్వర్ చేత వెతికించింది. ఆయా గంగాలమ్మ కిటికీ అరుగు మీది ఎర్రధూళిని తడిగుడ్డతో తుడుస్తోంది. పోర్టులో ఇనుప ఖనిజం దించిన రోజల్లా పూర్ణా మార్కెట్ వెనక వీధుల్లో ఆ ధూళి పడుతుంది. పూటకోసారి తుడవకపోతే కీబోర్డుల్లోకి దిగుతుంది.

2003 మార్చి మొదటి సోమవారం అది. పాత రాతి మేడ పై అంతస్తులో ముప్పై సిస్టమ్‌లు, మూలన లైనక్స్ నడిచే సర్వర్ ఒకటి. పిల్లల పాస్‌వర్డులూ ఫైళ్లూ ఉండేది అందులోనే. పిల్లలు ఇంటర్నెట్లో ఏ పేజీ తెరిచినా ఆ సర్వర్ గుండానే రావాలి. ఏ సిస్టమ్ నుంచి, ఎన్నింటికి, ఏ పేజీ అడిగారో అది తన ఫైల్లో ఒక్కో లైనుగా రాసుకుంటూ పోతుంది. దాన్నే లాగ్ అంటారు. ఇదివరకు వారానికోసారి పాత లాగ్ దానంతటదే చెరిగిపోయేది. జనవరి చివర్లో ప్రిన్సిపాల్ పిలిచి, "ఇక మీదట ఒక్క లైను కూడా పోకూడదు, ఏ పిల్ల ఏం చూస్తోందో నాకు కావాలి" అంది. కనకరత్నం చెరిపే ఏర్పాటు ఆపేసింది.

నాలుగు మాటలకి ఏమీ రాలేదు. అయిదో మాటకి పదకొండు లైన్లు వచ్చాయి. రొమ్ముకి ఇంగ్లిష్ మాట. పదకొండూ పద్నాలుగో సిస్టమ్ నుంచే, మూడు రోజుల్లో, మధ్యాహ్నం భోజనాల వేళ. గంగాలమ్మ దగ్గరున్న హాజరు పుస్తకం తిరగేస్తే ఆ మూడు రోజులూ పద్నాలుగులో కూర్చున్నది బీఎస్సీ రెండో సంవత్సరం శ్రీసత్య. లైన్లు కాగితానికి పట్టడం లేదని కనకరత్నం ఒక్కోదాన్ని నలభై అక్షరాల దగ్గర కోసి ప్రింటు తీసింది.

సూర్యకాంతమ్మ కాగితం అందుకుని ఎర్రపెన్నుతో ఆ మాట చుట్టూ సున్నా చుట్టింది. పదకొండు చోట్లా చుట్టింది. చివరి సున్నా చుట్టాక కూడా పెన్ను అక్కడే ఉండిపోయింది.

"ఎంతసేపు పట్టింది నీకు?"

"నాలుగు నిమిషాలు మేడమ్. అయిదు వారాలదీ వెతికాను."

"బాగుంది" అంది ప్రిన్సిపాల్ తలెత్తకుండా.

మెచ్చుకోలు ఆ గదిలో ఎప్పుడో గానీ దొరకదు. కనకరత్నం మెట్లు చకచకా ఎక్కి వచ్చేసింది.

మర్నాటి పొద్దున్నకల్లా అద్దాల నోటీసు బోర్డులో కాగితం పడింది. అసభ్యకరమైన వెబ్‌సైట్లు చూసినందుకు శ్రీసత్యని సంవత్సరం చివరిదాకా ల్యాబ్‌లోకి రానివ్వరనీ, తండ్రి వచ్చి ప్రిన్సిపాల్‌ని కలవాలనీ ఉంది. పేరు కింద గీత గీసి ఉంది. పిల్లలు గుంపుగా నిలబడి చదువుతున్నారు. ఎవరో కిసుక్కుమన్నారు.

తండ్రి ఎల్లారావు కబురందుకుని పదకొండింటికి పద్మనాభం నుంచి బస్సు దిగి వచ్చాడు. పొలం నుంచి నేరుగా బయల్దేరినట్టున్నాడు, కాళ్ల మీద మట్టి ఇంకా ఎండలేదు. కూర్చోమంటే కూర్చోలేదు. లిస్టు తీసింది కనకరత్నమే కాబట్టి ఆమెనీ ప్రిన్సిపాల్ గదికి పిలిపించారు.

"ఏటుందమ్మా ఇందులో? నాకు ఇంగిలీసు రాదు" అన్నాడాయన కాగితం పట్టుకుని.

"చెప్పడానికి నాకు నోరు రావడంలేదు. మీ అమ్మాయినే అడగండి" అంది ప్రిన్సిపాల్.

శ్రీసత్య గోడవారగా నిలబడి పుస్తకాల సంచీ తాడుని వేలికి చుట్టుకుంటూ ఉంది.

"ఏటి సూసినావే?"

పిల్ల తల ఇంకా దించుకుంది.

"నిన్నే. ఏటి సూసినావు? సెప్పు!"

తాడు మరో చుట్టు పడింది. వేలి కొస తెల్లబడింది. శ్రీసత్య ఒక్కసారి తలెత్తి, తండ్రినీ కాదు ప్రిన్సిపాల్‌నీ కాదు, కనకరత్నాన్ని చూసింది. ఆ చూపులో తప్పు చేసిన భయం లేదు. నీకు తెలుసు కదా, ఎందుకు చెప్పవు అన్నట్టుంది.

"సాల్లెండమ్మా ఈ సదువు" అన్నాడు ఎల్లారావు కాగితం బల్ల మీద పెట్టేసి. "ఈ శనివారం దాకా వొచ్చి పుస్తకాలయ్యీ ఇచ్చీసి మానీమంటాను. పదిమందిలో తలెత్తుకోనీకండా సేసింది."

సాయంత్రం అందరూ వెళ్లాక కనకరత్నం ఆ పదకొండు లైన్లూ మళ్లీ తెరిచింది. ఈసారి కోయకుండా పూర్తిగా చదివింది. నలభై అక్షరాల తర్వాత ఉన్నవి వేరే మాటలు. గడ్డ. నొప్పి లేని గడ్డ. డాక్టర్ దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి. ఆపరేషన్ తర్వాత ఎన్నాళ్లు బతుకుతారు. చివరి పేజీ మీద పిల్ల పద్దెనిమిది నిమిషాలుంది. ఆ రోజు అన్నం తిన్నట్టు లేదు.

కనకరత్నం కుర్చీలో వెనక్కి వాలి తన చేతులు చూసుకుంది. కోసింది ఆ చేతులే. అంత తొందరగా ఎలా చేశానా అని నిన్న మురిసిపోయిందీ ఆ చేతుల్ని చూసుకునే.

బుధవారం శ్రీసత్య లైబ్రరీ పుస్తకాలు అప్పజెప్పడానికి వచ్చింది. గంగాలమ్మని పంపి పై వరండాలోకి పిలిపించింది కనకరత్నం.

"ఎవరికమ్మా గడ్డ? నీకా?"

పిల్ల బిక్కమొహం వేసింది. వరండాలో అటూ ఇటూ చూసి, "మా అమ్మకి" అంది. "దసరా నాడు తానం సేత్తంటే సేతికి తగిలిందంట మేడమ్. నాకొక్కదానికే సెప్పింది. నాన్నకి సెప్తే నా మీద ఒట్టే అంది. ఆసుపత్రికి రానంటది. నొప్పి లేదు కదా, అదే పోద్దంటది. నిజంగా పోద్దేమో అని సూసినాను."

"నిన్న ఆ మాట చెప్పేస్తే పోయేది కదమ్మా!"

"నాన్న ముందూ, ప్రిన్సిపాల్ మేడమ్ ముందూ మా అమ్మ ఒంటి గురించి ఎలా సెప్పమంటారు?" అంది శ్రీసత్య. గొంతులో ఏడుపు లేదు, కోపమే ఉంది.

కనకరత్నం పిల్లకి దగ్గరగా జరిగింది. "ఎల్లుండి శుక్రవారం. ఎనిమిదింటికి మీ అమ్మని పెద్దాసుపత్రి గేటు దగ్గరికి తీసుకురా. చీటీ రాయించడం, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లడం నేను చూసుకుంటాను. రానంటే, ఆ పేజీల్లో ఏం చదివావో అది చెప్పు. అలాగే చెప్పు, దాచకు."

అక్కడి నుంచి తిన్నగా ప్రిన్సిపాల్ గదికి వెళ్లింది.

"మేడమ్, పొరపాటు నాది. లైన్లు సగానికి కోసి ఇచ్చాను. ఆ పిల్ల చూసినవి డాక్టర్లు రాసిన పేజీలు. నోటీసు తీయించెయ్యండి."

"ఆ మాట ఉందా, లేదా?"

"ఉంది. కానీ..."

"పెళ్లికాని పిల్లకి దాంతో పనేమిటి?"

ఎవరి కోసం చూసిందో చెబితే ఆ క్షణంలో అంతా తేలిపోతుంది. కానీ అది పిల్ల తండ్రికే ఇంకా తెలియని సంగతి. "అది నేను చెప్పకూడదు మేడమ్" అంది కనకరత్నం.

"అయితే నోటీసు ఉంటుంది." సూర్యకాంతమ్మ సొరుగు లాగి మరో చీటీ తీసింది. "ఇందులో ఇంకో పది మాటలున్నాయి. ఇక నుంచి వారం వారం లిస్టు కావాలి. మొదటిది రేపు సాయంత్రానికి ఇయ్యి."

గురువారం మూడో సంవత్సరం పిల్లలకి ప్రాక్టికల్ పరీక్ష. యూనివర్సిటీ నుంచి ఎగ్జామినర్ పదింటికి వస్తాడు. కనకరత్నం ఎనిమిదిన్నరకే వచ్చి సిస్టమ్‌లన్నీ ఆన్ చేసింది. మొదటిదాన్లో పేరూ పాస్‌వర్డూ కొట్టింది. తెర రెప్పపాటు మెరిసి మళ్లీ మొదటికొచ్చింది. రెండోదీ అంతే. మూడోదీ అంతే.

సర్వర్ దగ్గర కూర్చుని డిస్కులో చోటెంతుందో అడిగింది. నూటికి నూరు శాతం నిండిందని చెప్పింది. నాలుగు జీబీల డిస్కు, సూది మోపే సందు లేదు. ఏ ఫోల్డరు ఎంత తింటోందో ఒక్కోటీ విప్పుకుంటూ వెళ్తే చివరికి లాగ్‌ల ఫోల్డరు దగ్గర తేలింది. పేజీల లాగ్ ఒక్కటే దాదాపు రెండు జీబీలు. దాని పక్కన సర్వర్ తన సొంత ఫిర్యాదులు రాసుకునే సిస్టమ్ లాగ్. చోటు తగ్గుతోంది, చోటు తగ్గుతోంది అని అయిదు రోజులుగా నిమిష నిమిషానికీ రాసుకుంటూ అదీ ఇంత లావైంది. ఆ ఫిర్యాదు చదవాల్సింది తనే. లిస్టుల హడావుడిలో పడి చదవలేదు.

ఇంటర్‌కమ్‌లో ప్రిన్సిపాల్‌కి చెప్పింది.

"పరీక్ష ఆగడానికి వీల్లేదు" అంది సూర్యకాంతమ్మ. "పాత ఫైళ్లు తీసెయ్."

"ఏవి మేడమ్?"

"రెండో సంవత్సరం పిల్లలవి. వాళ్ల పరీక్ష వచ్చే నెల కదా, మళ్లీ చేసుకుంటారు. లాగ్ మాత్రం ముట్టుకోకు."

ఫోన్ పెట్టేసి కనకరత్నం రెండో సంవత్సరం ఫోల్డర్లు తెరిచింది. పేరు పేరునా అరవై మంది. ఏడాది పొడుగునా వాళ్లు అక్షరం అక్షరం కొట్టుకున్న ప్రోగ్రాములు. శ్రీసత్య ఫోల్డర్లో ఒకటి నడిపి చూసింది. పద్మనాభం వెళ్లే బస్సుల టైములు వరసగా వచ్చి, తర్వాతి బస్సుకి ఎన్ని నిమిషాలుందో చెప్పింది. అరవై మందివీ కలిపినా డిస్కులో మూడు శాతం లేవు. అవి తీసేసినా వారం తిరక్కుండా మళ్లీ నిండుతుంది. చోటు సరిపోయినా తాను వాటి జోలికి వెళ్లేది కాదని కనకరత్నానికి తెలుసు.

గంగాలమ్మ కుర్చీలు సర్దుతూ, "ఏటైందమ్మా?" అంది.

"చెత్త పేరుకుపోయింది గంగాలమ్మా. తీసేస్తున్నాను."

రెండు లాగ్‌లనీ చెరిపేసింది. ఫోల్డరు ఖాళీ అయింది. మళ్లీ చోటెంతుందని అడిగితే నూరు శాతం నిండే ఉందంది సర్వర్.

కనకరత్నం వేళ్లు ఆగిపోయాయి. గోడ గడియారంలో తొమ్మిదీ ఇరవై. కింద పిల్లల మాటలు వినిపిస్తున్నాయి. ఫైళ్లు లేవు, చోటూ లేదు. ఎక్కడికి పోయినట్టు? కళ్లు మూసుకుని ఒక్క నిమిషం ఆలోచించింది. ఫైలు పేరు చెరిగింది అంతే. ఆ లాగ్ రాసే ప్రోగ్రాము దాన్ని తెరిచి పట్టుకునే ఉంది, ఇంకా రాయాలని చూస్తూనే ఉంది. అది పట్టు వదిలితే గానీ చోటు తిరిగి రాదు. పేజీలు తెచ్చే ప్రోగ్రామునీ, సిస్టమ్ లాగ్ రాసే ప్రోగ్రామునీ ఒకదాని తర్వాత ఒకటి ఆపింది. మళ్లీ మొదలుపెట్టింది. చోటు అడిగింది.

నలభై నాలుగు శాతమే నిండి ఉంది.

ఇంకా పావుగంట ఉంది. సెట్టింగుల ఫైలు తెరిచింది. లాగ్ రోజుకోసారి కొత్త ఫైల్లో మొదలయ్యేలా, పాతది నొక్కి చిన్నదయ్యేలా, ఏడు రోజులు దాటింది దానంతటదే పోయేలా రాసింది. చివరగా ఇంకొక్క లైను మార్చింది. ఇక మీదట ఏ పేజీ తెరిచారన్నది రాస్తుంది గానీ, ఏ సిస్టమ్ నుంచన్న అంకె దగ్గర ముప్పై సిస్టమ్‌లకీ సున్నాయే పడుతుంది. పాడైతే బాగుచేసుకోవడానికి అంత రికార్డు చాలు.

పదింటికి ఎగ్జామినర్ మెట్లెక్కి వచ్చేసరికి ముప్పై తెరలూ వెలుగుతున్నాయి. పరీక్ష సాఫీగా జరిగిపోయింది.

సాయంత్రం ప్రిన్సిపాల్ చెయ్యి చాపింది. "లిస్టు?"

"లేదు మేడమ్. లాగ్‌లు తీసేశాను."

"ముట్టుకోవద్దని చెప్పానా లేదా?"

"చెప్పారు. డిస్కుని నింపింది అవే. పిల్లల చదువు తీసేసి వాటిని ఉంచలేను. ఇక ఏడు రోజులవే ఉంటాయి. ఎవరు చూశారన్నది వాటిలో పడదు."

"నన్నడక్కుండా?"

"ఆ సర్వర్ పని నాది మేడమ్. జనవరిలో మీరు అడిగినప్పుడే ఇది కుదరదని చెప్పాల్సింది. చెప్పలేదు. అదీ నా తప్పే."

సూర్యకాంతమ్మ అరవలేదు. తెల్లకాగితం లాగి మెమో రాసింది. శనివారంలోగా రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వాలని. కనకరత్నం అందుకుని మడత పెట్టి సంచీలో వేసుకుంది. ఇంటికెళ్లి, సర్వర్ పాడవకుండా చూడటానికే తనని ఉద్యోగంలో పెట్టారనీ, అదే చేశాననీ మూడు వాక్యాలు రాసి సంతకం పెట్టింది.

శుక్రవారం సెలవు పెట్టి ఎనిమిదింటికి పెద్దాసుపత్రి గేటు దగ్గరికి వెళ్లింది. తల్లీకూతుళ్లు అప్పటికే వచ్చి నిలబడి ఉన్నారు. తల్లి చిట్టెమ్మ బక్కపల్చని మనిషి, కొంగు రెండు భుజాల చుట్టూ కప్పుకుంది. ఓపీ వరసలో రెండు గంటలు నిలబడ్డారు. లోపల లేడీ డాక్టర్ నెమ్మదిగా చూసింది, సూదితో తీసి పరీక్షకి పంపింది.

"చిన్నగానే ఉందమ్మా. రిపోర్టు ఎలా వచ్చినా గడ్డ తీసెయ్యాలి. ఇప్పుడే రావడం మంచిదైంది. మరో ఆరు నెలలు కూర్చుని ఉంటే వేరే మాట చెప్పాల్సొచ్చేది."

బయట చెట్టు కింద టీ తాగుతూ చిట్టెమ్మ, "నొప్పెట్టకపోతే జబ్బు కాదనుకున్నానమ్మా" అంది. "ఈ పిల్ల రేత్రి నా పక్కన కూకోని అన్నీ సెప్పింది. మొత్తం కంప్యూటర్లో సదివిందంట. మరేటో మొన్న కాలేజీ నుంచొచ్చి ఈళ్ల నాన్న గంతులేసినాడు, సదువు మానిపించేత్తానన్నాడు. ఏటని అడిగితే ఇద్దరూ సెప్పరు."

శ్రీసత్య టీ గ్లాసులోకి చూస్తోంది. కనకరత్నం అంతా చెప్పింది. లిస్టు, నోటీసు, నలభై అక్షరాలు. "ఆ లిస్టు తీసింది నేనేనమ్మా" అని కూడా చెప్పింది.

చిట్టెమ్మ ఆమెకేసి చూసింది. తర్వాత కూతురికేసి తిరిగింది. "నా గురించి నువ్వు మాట పడ్డావా?" అని గ్లాసు కింద పెట్టి లేచింది.

శనివారం పది గంటలకి కనకరత్నం సంజాయిషీ కాగితం పట్టుకుని ప్రిన్సిపాల్ గదిలో నిలబడి ఉండగా తలుపు తోసుకుని చిట్టెమ్మ వచ్చింది. వెనకాల శ్రీసత్య, ఆ వెనక ఎల్లారావు. ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి, నిద్రపోయినట్టు లేదు. చిట్టెమ్మ ఎవరూ చెప్పకుండానే కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నాను ఈ పిల్ల తల్లినమ్మా. మీరు కాయితంలో రాసినారంట, సెడ్డయ్యేవో సూసిందని. అది సూసింది నా జబ్బు." ఎడం రొమ్ము మీద చెయ్యి వేసుకుంది. "ఇదిగో, ఇక్కడ గడ్డ. ఎవలికీ సెప్పొద్దని నానే ఒట్టేయించుకున్నాను. ఇప్పుడు నానే సెప్తన్నాను. రాత్రి ఈయనకి సెప్పీసినాను. ఇంక నాకు సిగ్గు లేదు."

సూర్యకాంతమ్మ ఏదో అనబోయింది.

"ఉండమ్మా, సెప్పనీ. ఆ మాట పేరెట్టి అడగడానికి మీకు సిగ్గేసింది. డాట్రమ్మ ముందు రైక ఇప్పడానికి నాకూ సిగ్గేసింది. సిగ్గుపడి దసరా నుంచి కూకున్నాను. ఈ పిల్ల సిగ్గుపడకండా సదివింది కాబట్టి నిన్న ఆసుపత్రికెల్లినాను. బేగొచ్చినావు, బతుకుతావన్నారు." ఆమె ఊపిరి పీల్చుకుంది. ప్రిన్సిపాల్ మొహంలోకి చూస్తూ గొంతు తగ్గించింది. "మీకూ నా కన్నా పెద్ద వొయిసే గదమ్మా. మీరెప్పుడైనా సూయించుకున్నారా?"

సూర్యకాంతమ్మ చేతిలో ఎర్రపెన్ను మూత ఊడి బల్ల మీద దొర్లుతోంది. ఆవిడ దాన్ని పట్టుకోలేదు. లేచి బయటికి నడిచింది.

వరండాలో నోటీసు బోర్డు అద్దానికి తాళం ఉంది. గంగాలమ్మ పరిగెత్తి తాళంచెవి తెచ్చింది. తాను తీస్తానన్నా ప్రిన్సిపాల్ తియ్యనివ్వలేదు. నాలుగు గుండుసూదులూ తనే పీకింది. కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి గుప్పిట్లో నలిపింది. మెట్ల మీద పిల్లలు ఆగి చూస్తున్నారు.

"సోమవారం నుంచి ల్యాబ్‌కి వెళ్లు" అంది శ్రీసత్యతో, అందరికీ వినపడేలా. "ఆ నోటీసు నేను తప్పు రాశాను."

ఎల్లారావు కండువాతో మొహం తుడుచుకున్నాడు. "పంపుతానమ్మా" అన్నాడు.

కనకరత్నం ఇచ్చిన సంజాయిషీని ప్రిన్సిపాల్ నిలబడే చదివింది. ఫైల్లో పెట్టేసింది.

సోమవారం మధ్యాహ్నం భోజనాల వేళ ల్యాబ్‌లో ఎవరూ లేరు. కనకరత్నం క్యారేజీ విప్పబోతుంటే మెట్ల మీద అడుగులు వినిపించాయి. నెమ్మదిగా, మధ్యలో ఆగి ఆగి ఎక్కుతున్న అడుగులు. సూర్యకాంతమ్మ ల్యాబ్‌కి పైకి రావడం ఆ ఏడాదిలో అదే మొదలు. కనకరత్నం లేచి నిలబడింది.

"కూర్చో, కూర్చో" అని ఆవిడ తనూ ఒక కుర్చీ లాక్కుంది. వరసగా ఉన్న తెరలకేసి చూసింది. కిటికీలోంచి పోర్టు క్రేనులకేసి చూసింది. చెప్పాలనుకున్న మాట ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనట్టు కళ్లద్దాలు తీసి తుడిచి మళ్లీ పెట్టుకుంది.

"ఆ డాక్టరమ్మ ఏ రోజుల్లో చూస్తుంది?"

"మంగళవారం, శుక్రవారం మేడమ్. పొద్దున్నే వెళ్తే వరస తక్కువుంటుంది."

"మంగళవారమంటే రేపే."

"రేపే."

సూర్యకాంతమ్మ తలూపింది. చెయ్యి అప్రయత్నంగా కొంగు దగ్గరికి వెళ్లి ఆగింది.

"నాలుగు నెలలైంది కనకరత్నం" అంది. "ఎవరికీ చెప్పలేదు."

కనకరత్నం క్యారేజీ మూత పెట్టేసి కుర్చీని ఆవిడ దగ్గరికి జరుపుకుంది.

"ఏడున్నరకి మీ ఇంటికి ఆటో తీసుకొస్తాను మేడమ్" అంది. "సిద్ధంగా ఉండండి."